ఎడమ చెవి రొద, విప్పని పెట్టె

మనుషుల మాటలు గాలిలో పుట్టి గాలిలోనే లయించిన యుగాలు గడిచి, వాటిని రాతి మీదా ఆకు మీదా కాగితం మీదా నిలిపిన తరాలు కూడా గడిచి, పలికిన ప్రతి పలుకూ అంకెలుగా మారి గోరంత పలకలో ఒదిగి, పిలిచినప్పుడల్లా ప్రాణం పోసుకుని లేచి వచ్చే కాలం ప్రవేశించాక, ఆ అంకెల నిద్రలోనుంచి సాక్షుల మాటలను మేల్కొలిపి, విని, అక్షరాలలో కూర్చడమే వృత్తిగా బతికిన ఒక గృహస్థు, తన నలభయ్యో పడి నడుస్తుండగా, ఒక చిన్న యంత్రాన్ని కొనాలా వద్దా అనే ఆలోచనలో పడి, ఆ ఆలోచన నీడలో తన ఇంటి మీదికి వస్తున్నదాన్ని చూడకుండా కూర్చున్నాడు.

ఇరుగుపొరుగు వారికి ఆయన లేఖకుడు. న్యాయస్థానాలలోనూ విచారణ సంఘాల ముందూ మనుషులు చెప్పిన మాటల రికార్డులు ఒక సంస్థ ద్వారా ఆయన కంప్యూటరుకు చేరేవి. తలకు హెడ్‌ఫోన్, వేళ్ళ కింద కీబోర్డు, కాలి కింద ఒక పెడల్. పెడల్ నొక్కితే మాట నడిచేది, వదిలితే ఆగేది, మడమతో తడితే రెండడుగులు వెనక్కి వచ్చేది. వినబడని చోట మూడు చుక్కలు పెట్టడం ఆ వృత్తి మర్యాద. ఆయన కాగితాలలో ఆ చుక్కలు బహు అరుదు. దగ్గులో మునిగిన పేరును, ఏడుపులో కరిగిన తేదీని కూడా ఆయన ఒడిసి పట్టుకునేవాడు. సంస్థలో కొత్తగా చేరినవారికి ఆయన పనిని చూపించి, 'వినడమంటే ఇదీ' అని చెప్పేవారట.

ఇల్లు మూడో అంతస్తులో. కింద బట్టలుతికే దుకాణం, ముందు బరువు లారీలు తిరిగే వీధి. పని గదికి ఆనుకుని కూతురి గది. మధ్య తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. ఎనిమిదేళ్ళ ఆ పిల్లను ఇంట్లో గువ్వ అని పిలిచేవారు. పుట్టిన మూడో ఏటనుంచి ఉబ్బసం. గాలి మారినా, జలుబు పట్టినా గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. అవి మొదలైన కాసేపటికే ఇన్‌హేలర్ అందితే సరి, అందకపోతే ఆసుపత్రే. తల్లి పగలంతా పళ్ళ సెట్లు తయారుచేసే ప్రయోగశాలలో పనిచేసేది. కాబట్టి బడి లేని వేళల్లో పిల్ల ఊపిరికి కాపలా తండ్రిది.

ఆ కాపలా కోసమే ఆయన ఒక పద్ధతి ఏర్పరచుకున్నాడు. హెడ్‌ఫోన్‌ను ఎడమ చెవికి మాత్రమే బిగించి, కుడివైపు దాన్ని చెవి వెనక్కి నెట్టేసేవాడు. ఒక చెవి కచేరీకి, ఒక చెవి కన్నబిడ్డకు. మంచం మీది సన్నని పిల్లికూత ఆ తెరిచిన చెవిన పడగానే, సాక్షి మాట సగంలో ఉన్నా సరే, పెడల్ వదిలి లేచేవాడు. ఐదేళ్ళుగా ఆ కాపలా ఒక్కసారి తప్పలేదు. అయితే తెరిచిన చెవిలోకి పిల్ల ఊపిరితో పాటు లారీల మోత కూడా వచ్చేది. ఆ మోతను దాటి సాక్షి మాట వినడానికి ఆయన ఎడమవైపు శబ్దాన్ని కొంచెం పెంచేవాడు. మరునాడు మరికొంచెం. కంటికి రెప్పనిచ్చిన విధాత చెవికి ఏ తలుపూ ఇవ్వలేదు. ఇచ్చినదంతా లోపలికి పుచ్చుకోవడమే దాని ధర్మం. చాలు అని చెప్పడం దానికి రాదు. చెప్పవలసి వచ్చినప్పుడు అది మరో భాషలో చెబుతుంది.

అలా చెప్పడం ఒక చలికాలం మొదలైంది. సాక్షి మాటకూ మాటకూ నడుమ ఉండే నిశ్శబ్దంలో సుయ్యిమనే ఒక సన్నని రొద. గడ్డి వామిలో పాము కదిలినట్టు, ఉన్నదా లేదా అని తోచేంత. లేఖకుడు పెడల్ వదిలి, వైరు సరిచేసి, మళ్ళీ విన్నాడు. రొద ఉంది. కంప్యూటరుకు వయసు మీరింది అనుకున్నాడు. ఆ మాట ఆయనకు చాలా ఊరటనిచ్చింది.

అదే మాట బావమరిదితో అన్నాడు. ఆ కుర్రవాడు సభలకూ పెళ్ళిళ్ళకూ మైకులూ స్పీకర్లూ అమర్చేవాడు, చిన్న దుకాణం కూడా ఉంది. సెలవురోజున అక్క ఇంటికి భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"బావా, దీని లోపల సంత జరుగుతూ ఉంటుంది. పంకా తిరుగుతుంది, కరెంటు పరుగెడుతుంది, వైఫై గోల పెడుతుంది. ఆ సంత నడుమ కూర్చుని అంకెల్ని శబ్దంగా మార్చమంటే పాపం ఆ చిప్ మాత్రం ఏం చేస్తుంది? డ్యాక్ అని ఒక పెట్టె వస్తుంది. ఈ మార్చే పనిని సంత బయటికి తెచ్చి, దానికి విడిగా ఒక గది ఇవ్వడం, అంతే. కంప్యూటరుకి ఒక తీగ, హెడ్‌ఫోన్‌కి ఒక తీగ. మధ్యలో అది."

"అయితే రొద పోతుందంటావు."

"సంతలో రొదైతే పోతుంది."

"కాక ఇంకెక్కడిది అవుతుంది?"

బావమరిది ఆయన ముఖంలోకి చూశాడు. "అది తేల్చడానికి పెట్టె ఎందుకు బావా, చెవి మారిస్తే చాలదూ? ఆ ఎడమ చెవిది తీసి కుడి చెవికి పెట్టుకో. అక్కడా సుయ్యిమంటే తప్పు మిషన్‌ది. అక్కడ నిశ్శబ్దంగా ఉంటే..."

"ఉంటే?" అని వంటగదిలోనుంచి అక్క అడిగింది.

"ఉంటే బావని తీసుకెళ్ళాల్సింది నా షాపుకి కాదక్కా, డాక్టర్ దగ్గరికి."

"ఆయన చెవి మార్చడమా! పెళ్ళయినప్పటినుంచి మంచంలో పక్క కూడా మార్చలేదురా ఆ మనిషి."

అందరూ నవ్వారు. లేఖకుడు కూడా నవ్వాడు. "కుడి చెవి గువ్వది. దాన్ని మూస్తే ఎలా?" అన్నాడు.

"రెండు నిమిషాలు నేను చూసుకుంటాలే గువ్వని."

"తర్వాత చూస్తాలే. ముందు మంచి డ్యాక్ ఏదో చెప్పు."

హెడ్‌ఫోన్‌తో పనిచేసే ప్రతివాడికీ తెలిసిన పరీక్ష అది. ఖర్చు లేనిది, శ్రమ లేనిది. ఆ మాట మళ్ళీ రాకుండా ఆయన సంభాషణను డ్యాక్‌ల వైపు మళ్ళించాడు. ఆ రోజు నుంచి డ్యాక్ గురించిన విచారణ మొదలైంది. తీగ మాదిరిగా జేబులో ఇమిడేవి, ఇటుక మాదిరిగా బల్ల మీద కూర్చునేవి, ఏది మేలు? ఇంటర్నెట్‌లో అపరిచితుల అభిప్రాయాలు చదివాడు. పెట్టె తగిలించగానే కళ్ళముందు తెర తొలగినట్టు మాట వినబడిందని ఒకరు, అదంతా కొన్నవాడి భ్రమ తప్ప చెవికి తేడా తెలియదని మరొకరు. శాస్త్రచర్చలో పూర్వపక్షం, సిద్ధాంతం పోట్లాడుకున్నట్టు అవి పోట్లాడుకుంటూ ఉంటే, ఆయన తీర్పు చెప్పకుండా వాయిదా వేస్తూ పోయాడు. ఆ వాయిదాలో ఒక సుఖం ఉంది. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నంతసేపూ రోగం యంత్రానిదే.

పక్క మీద వాలినప్పుడు కూడా ఆ రొద వినబడేది. పంకా చప్పుడు అనుకునేవాడు. పంకా ఆపి చూడలేదు.

ఇంతలో సంస్థలో ఆయన కాగితాలు సరిచూసే పరిశీలకురాలు ఫోను చేసింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి.

"సార్, ఇన్నాళ్ళూ మీ పేరు చూసి ఫైలు తెరవకుండానే పంపించేదాన్ని. ఇప్పుడు తెరవాల్సొస్తోంది. చుక్కలు చీమల బారుల్లా ఉన్నాయి."

"రికార్డింగులు బాగోలేవండీ."

"మిగతావాళ్ళకి అవే రికార్డింగులు ఇచ్చి చూశాను సార్."

"డ్యాక్ అని ఒక యంత్రం తీసుకుంటున్నాను. అది వస్తే అంతా సర్దుకుంటుంది."

"అదేమిటో గానీ త్వరగా తీసుకోండి. పైవాళ్ళు నన్నడిగే లోపు."

చుక్కలొక్కటే కాదు. మరొక చిక్కు నెమ్మదిగా ముడిపడుతూ వచ్చింది. ఆ రొదకూ, గువ్వ గొంతులోని పిల్లికూతకూ స్వరంలో పెద్ద భేదం లేదు. రెండూ సన్నవి, రెండూ సుయ్యిమనేవే. పని చేస్తూ చేస్తూ ఆయన ఉలిక్కిపడి లేచి పక్కగదిలోకి పరుగెత్తేవాడు. పిల్ల బొమ్మలు గీసుకుంటూ కనిపించేది.

"మళ్ళీ వచ్చావా నాన్నా?"

"ఊపిరి బాగుందా గువ్వా?"

"నా ఊపిరి నా దగ్గరే ఉంది. నీకు కావాలా?"

"ఒకసారి గట్టిగా పీల్చు."

"ఇందాక పీల్చిందే ఇంకా అయిపోలేదు!" అని పిల్ల కిలకిలా నవ్వేది.

సాయంత్రం తల్లి రాగానే పిల్ల ఫిర్యాదు. ప్రయోగశాల బట్టలు మార్చి, ప్లాస్టర్ పొడి పోయేదాకా మోచేతుల వరకు కడుక్కుని గానీ ఆమె పిల్లను తాకేది కాదు. ఆ కడుగుతున్న చేతులతోనే మొగుడి వైపు తిరిగేది. "పిల్ల ప్రశాంతంగా ఊపిరి కూడా పీల్చుకోకూడదా? మీరలా నిమిషానికోసారి పరిగెత్తుకొస్తే లేని ఆయాసం వస్తుంది దానికి. ఆ పెట్టేదో కొనండి, లేదా కొననని చెప్పేయండి. మా వాడి దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాయి ఎలాగూ."

లేచి వెళ్ళిన ప్రతిసారీ పిల్ల క్షేమంగానే ఉండేది. కొన్ని వారాలు గడిచాక లేఖకుడు తనకు తాను ఒక కట్టుబాటు విధించుకున్నాడు: సుయ్యిమని వినబడగానే లేవకూడదు, అది యంత్రపు రొద అని ముందు మనసుకు చెప్పుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే లేవాలి. అది వివేకమని ఆయన అనుకున్నాడు. ఐదేళ్ళ కాపలాకు అక్కడ కన్నం పడింది. ఏ పగవాడూ వేసింది కాదు అది; కాపలావాడు తన చేత్తో తానే తవ్వుకున్నది.

బావమరిది ఒక మధ్యాహ్నం డ్యాక్ తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అరచేయంత నల్లని పెట్టె, పైన మెరిసే పారదర్శకపు చుట్టు. "నువ్వు తేల్చుకునేలోపు నాకు పిల్లలు పుట్టి పెళ్ళీడుకొస్తారు. వాడి చూడు బావా. నచ్చితే ఉంచుకో, నచ్చకపోతే తిరిగిచ్చేయ్. విప్పినా ఫర్వాలేదు."

ఆయన విప్పలేదు. పెట్టె కీబోర్డు పక్కనే ఉంది. చుట్టు మీద దుమ్ము పేరుకుంది. దాని పక్కన కాఫీ కప్పు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంటూ పని చేసేవాడు. దాన్ని తగిలించిన మరుక్షణం రొద పోవాలి. పోకపోతే? ఆ 'పోకపోతే' అనేది ఆ పెట్టెలో మూత వేసి ఉన్నట్టు, చుట్టు చించితే బుసకొడుతూ లేస్తుందన్నట్టు ఆయన చేయి వెనక్కి వచ్చేది.

భార్య కొన్నాళ్ళు చూసి అడిగింది. "ఎందుకు విప్పలేదు?"

"పని ఒత్తిడి."

"విప్పడానికి కత్తెర చాలు. ఒత్తిడి అక్కర్లేదు."

"ఈ కేసు అవనీ."

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చూడండీ, పళ్ళు కట్టించుకోవడానికి డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు అన్ని కబుర్లూ చెబుతారు గానీ చూపించడానికి నోరు మాత్రం తెరవరు. ఏ డాక్టరైనా వాళ్ళని ఒకటే అడుగుతాడు, ఎక్కడ నొప్పి అని. నొప్పి లేదంటారు. మీ ముఖం అచ్చం అలాగే ఉంది ఇప్పుడు."

"నాకేం నొప్పి?"

"అదే నేనూ అడిగేది."

ఆయన హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఆమె స్టూలు వెనక్కి నెట్టి లేచి వెళ్ళింది.

తర్వాత వచ్చిన వారంలో గువ్వకు జలుబు పట్టింది. బడి మానిపించారు. మధ్యాహ్నం వరకు బాగానే ఆడుకుంది. అన్నం తిని, దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆకాశం మూసుకుని, గదిలో పగలే దీపం వేసుకోవలసిన చీకటి. లేఖకుడికి ఆ రోజు వచ్చింది ఒక గిడ్డంగి కాపలాదారు వాంగ్మూలం. ఏ తలుపుకు తాళం ఉంది, ఏ తలుపుకు లేదు అన్నది విచారణ. ఆ కాపలాదారు నిదానస్థుడు. ఒక మాట అని ఆగేవాడు, తలుచుకునేవాడు, మళ్ళీ ఒక మాట. ఆ ఆగిన ప్రతి చోటా రొద.

"వెనక తలుపు..." సుయ్. "నేను చూసినప్పుడు..." సుయ్.

లేఖకుడు మాట అందక శబ్దం పెంచాడు. కింద దుకాణంలో ఉతికే యంత్రాలు గిరగిరా తిరుగుతున్నాయి; ఒక లారీ కిటికీ అద్దాలు అదిరేలా వీధి దాటింది. రొద పెరిగినట్టు అనిపించింది. అది యంత్రానిది అని మనసుకు చెప్పుకున్నాడు. కొంచెం ఆగి, మళ్ళీ పెరిగింది. ఇప్పుడు అందులో ఒక లయ కూడా ఉన్నట్టు, ఒక తరగ వచ్చి విరిగి మళ్ళీ వస్తున్నట్టు తోచింది. యంత్రమే, ఇవాళ మరీ శ్రుతి మించింది, రేపు తప్పకుండా ఆ పెట్టె విప్పాలి, అనుకున్నాడు. మడమతో పెడల్ తట్టి కాపలాదారును వెనక్కి రప్పించాడు. "వెనక తలుపు..." మరొకసారి. శబ్దం ఇంకొక మెట్టు పైకి.

పక్కగదిలో పిల్ల లేచి కూర్చుంది. పిలవబోయింది; పిలవడానికి ఊపిరి కావాలి, అది లేదు. మంచం దిగి గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చింది. తండ్రి వీపు ఇటు ఉంది. వచ్చి ఆయన కుడిపక్కన, ఐదేళ్ళుగా తన కోసమే తెరిచి ఉంచిన చెవి పక్కన నిలబడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన తల తిప్పలేదు. కళ్ళు తెర మీద ఉన్నాయి, చెవి కాపలాదారు తలుపు దగ్గర ఉంది.

పిల్ల చెయ్యి చాచి, అందిన హెడ్‌ఫోన్ వైరు పట్టుకుని గుంజింది. కంప్యూటరు నుంచి వైరు ఊడి కింద పడింది.

కాపలాదారు మాట తెగిపోయింది. హెడ్‌ఫోన్ చచ్చిపోయింది. కానీ రొద ఆగలేదు. ఎడమ చెవిలో, ఏ తీగా లేకుండా, ఏ యంత్రమూ లేకుండా, అది అలాగే సుయ్యిమంటోంది. కుడి చెవిలో మరొకటి, దానికంటే తడిగా, దానికంటే దగ్గరగా. ఒకే స్వరంలో రెండు రొదలు. ఆ క్షణంలో ఆయనకు రెండూ తెలిశాయి. వాటిలో ఏది ముందు తెలిసిందో ఆయన ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయాడు.

తిరిగి చూస్తే పిల్ల పెదవులు నేరేడు రంగుకు తిరిగి ఉన్నాయి.

అలమరలోని ఇన్‌హేలర్ అందుకుని, గొట్టానికి బిగించి, పిల్ల నోటికి పెట్టాడు. "పీల్చమ్మా. పీల్చు తల్లీ." పీల్చింది, చాల్లేదు. మళ్ళీ పెట్టాడు. ఎత్తుకుని మెట్లు దిగాడు. కింద దుకాణం యజమాని ఆయన ముఖం చూసి ఏమీ అడగకుండా బట్టల మూటలు వ్యానులోంచి కిందికి తోసేసి తలుపు తీశాడు. దారి పొడవునా తండ్రి తన కుడి చెవిని పిల్ల రొమ్ముకు ఆనించి కూర్చున్నాడు. ఆ శబ్దం కాసేపు తగ్గింది. తగ్గడం మంచికా చెడుకా అన్నది తెలియదు. ఉబ్బసంలో పిల్లికూతలు ఆగిపోవడం కొన్నిసార్లు ఊపిరి కుదుటపడినందుకు, కొన్నిసార్లు ఊపిరి ఆడనందుకు. ఆ దారిలో ఆయన ఎన్ని నామాలు జపించాడో భగవంతుడికే ఎరుక.

ఆసుపత్రిలో ముసుగు తగిలించి మందు పొగ పట్టించారు. చాలాసేపటికి పెదవుల రంగు మారింది.

భార్య పనిచోటు బట్టలతోనే వచ్చింది. చేతుల నిండా ప్లాస్టర్ పొడి. గది గుమ్మంలో ఆగిపోయి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, లోపలికి అడుగు పెట్టకుండా పిల్లనే చూస్తూ నిలబడింది. ముసుగులోనుంచి గువ్వ చేయి ఊపింది. అప్పుడు ఆమె వెళ్ళి చేతులు కడుక్కుంది. అంతసేపు ఎవరూ చేతులు కడుక్కుని ఉండరు.

వరండాలో మొగుడి పక్కన కూర్చుని, "తలుపు వేసి ఉందా?" అని అడిగింది.

"లేదు."

"నిద్రపోయారా?"

"లేదు."

"మరి?"

"వినబడింది. నా రొద అనుకున్నాను." కాసేపటికి మిగిలింది కూడా చెప్పాడు. "అది కంప్యూటరుది కాదు. నాది. చాలా రోజులుగా అనుమానంగానే ఉంది. చెవి మార్చి చూడమన్నాడు మీ తమ్ముడు. చూడలేదు."

ఆమె తడి చేతులను ఒకదానితో ఒకటి తుడుచుకుంది.

"నేను మీ చెవిని నమ్ముకుని పొద్దున్నే గుమ్మం దాటుతున్నాను," అంది. "మీరు ఆ పెట్టెని నమ్ముకుని కూర్చున్నారు. కనీసం దాన్నైనా విప్పలేదు."

ఆయన లేచి లోపలికి వెళ్ళి పిల్ల మంచం పక్కన కూర్చున్నాడు.

పిల్ల ఇంటికి వచ్చాక ఆయన చెవి వైద్యురాలి దగ్గరకు వెళ్ళాడు. భార్య కూడా వచ్చింది. ఈసారి ఏదీ ఆయన నోట వినదలచుకోలేదు. వైద్యురాలు గాజు గదిలో కూర్చోబెట్టి రకరకాల స్వరాలు వినిపించింది. గీత గీసిన కాగితం చూపించింది. ఎడమ చెవి గీత సన్నని స్వరాల దగ్గర గోడ మీంచి దూకినట్టు కిందికి దిగింది.

"పోయింది తిరిగి రాదు," అంది. "చెవి ఏ స్వరాలను పోగొట్టుకుంటుందో వాటిని తానే పలుకుతూ ఉంటుంది ఒక్కోసారి. మీరు వింటున్న రొద అదే. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. శబ్దం తగ్గించాలి, గంటల కొద్దీ వినడం మానాలి. కుడి చెవి గీత చూడండి, అది కూడా ఇక్కడ కొంచెం వంగడం మొదలైంది. అన్నట్టు, ఇన్నేళ్ళు ఒక చెవితోనే విన్నానన్నారు, ఎందుకు? రెండింటికీ పెట్టుకుని ఉంటే ఇంత గట్టిగా పెట్టాల్సిన అవసరం ఉండేది కాదు కదా."

ఆయన కారణం చెప్పాడు. వైద్యురాలు రాస్తున్న కలం ఆపి, మళ్ళీ రాసింది.

ఆ ఆదివారం బావమరిది వచ్చాడు. ఎప్పటిలా హాస్యమాడుతూ రాలేదు. గువ్వ జుట్టు నిమిరి, బల్ల దగ్గరికి వెళ్ళి, పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. "తీసుకెళ్ళనా బావా?"

"ఉండు," అన్నాడు లేఖకుడు. కత్తెర తెచ్చి, చుట్టు కత్తిరించి, తీగలు తగిలించాడు. ఇన్నాళ్ళూ ముట్టనివాడు, పని అయ్యేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. హెడ్‌ఫోన్ రెండు చెవులకూ పెట్టుకుని, శబ్దం బాగా తగ్గించి విన్నాడు. పెట్టె తీసేసి, కంప్యూటరుకు నేరుగా తగిలించి మళ్ళీ విన్నాడు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు.

"ఏమైనా తేడా ఉందా?" అని భార్య అడిగింది.

"కుడి చెవికి వెంట్రుకవాసి ఉంది. శుభ్రంగానే ఉంది మాట. ఎడమ చెవికి ఏది పెట్టినా ఒకటే." హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "వద్దురా. మంచి వస్తువే. కానీ నేను దీన్ని కొనాలనుకున్నది మాట బాగా వినడానికి కాదు. వినకుండా ఉండటానికి."

బావమరిది తల వంచుకుని తీగలు చుట్టాడు. "నేనే ఆ రోజు నీ తల పట్టుకుని చెవి మార్పించి ఉండాల్సింది బావా."

"నా తల నీ చేతికి ఇచ్చేవాణ్ణి కాదులే."

"మామయ్యా, నేను ఒక్కసారి లాగితే తేలిపోయింది," అంది గువ్వ గర్వంగా. ఎవరికీ నవ్వు రాలేదు; ఆ తర్వాత తల్లికి వచ్చింది, నవ్వుతో పాటు కన్నీళ్ళు కూడా.

లేఖకుడు అందరి ముందే పరిశీలకురాలికి ఫోను చేశాడు. "అమ్మా, ఆ చుక్కలు రికార్డింగువి కావు. నావి. ఎడమ చెవి పోయింది. ఒక్క పూట పనే ఇవ్వండి, అదీ తేటగా ఉన్న గొంతులే. ఇవ్వలేమంటే అర్థం చేసుకుంటాను." ఆమె పైవాళ్ళని కనుక్కుని చెబుతానంది. ఏం చెబుతుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రయోగశాలలో మధ్యాహ్నం వరకే పనిచేస్తానని భార్య అప్పటికే అడిగి వచ్చింది. కంప్యూటరు బల్లను ముగ్గురూ మోసుకుని పిల్ల గదిలోకి మార్చారు, మంచం ఎదురుగా, గువ్వ రొమ్ము ఎగసి దిగడం తెర మీంచి కళ్ళెత్తితే కనిపించేలా. చెవి చేసిన కాపలా ఇకమీదట కన్ను చేయాలి. ఆ రొద మాత్రం ఆయనను విడవలేదు. ఇది రాస్తున్న ఈ వేళ కూడా అది ఆయన ఎడమ చెవిలో ఉంది. వంగడం మొదలైన ఆ కుడి చెవి గీత ఎక్కడ ఆగుతుందో ఏ వైద్యుడూ చెప్పలేదు.

శబ్దానికి మూలమై, నిశ్శబ్దానికి కూడా మూలమైన ఆ పరమాత్మ ఆయనకు మిగిలిన చెవిని మిగిల్చుగాక. చేదు నిజాన్ని వాయిదా వేయని ధైర్యాన్ని ఆయన మనసులో స్థిరపరచుగాక. ఆ ఇల్లాలు గుమ్మం దాటిన ప్రతిసారీ నమ్మకంతో దాటి, నెమ్మదితో తిరిగి వచ్చుగాక. ఆ చిన్నారి ఊపిరి ఏ ఋతువులోనూ తడబడక, నిండు నూరేళ్ళూ ఏటి నీరులా సాగుగాక. ఆ ఇంట ఒకరి పిలుపు ఒకరికి ఎప్పుడూ చేరుగాక.